రెండో పుస్తకం ఎక్కడ జారింది: «ఐరన్ ఫ్లేమ్» కథా నిర్మాణంపై ఒక ఎడిటర్ కేస్ స్టడీ

రెబెకా యారోస్ రాసిన డ్రాగన్ల ఫాంటసీ ప్రేమకథ «ఫోర్త్ వింగ్» 2023 మే 2న వచ్చింది. దాని కొనసాగింపు «ఐరన్ ఫ్లేమ్» అదే ఏడాది నవంబర్ 7న వచ్చింది. మొదటి దానిలో 39 అధ్యాయాలు, రెండో దానిలో 66. రెండూ న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానం చూశాయి. మూడోది «ఆనిక్స్ స్టార్మ్» 2025 జనవరి 21న వచ్చి, మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడైంది. కాబట్టి ఇది అమ్మకాల్లో దెబ్బతిన్న పుస్తకం కాదు. మొదటి భాగాన్ని తెల్లవారేదాకా చదివినవాళ్లే రెండో భాగాన్ని మధ్యలో పక్కన పెట్టి, కొన్నాళ్లకు మళ్లీ తీసి, చివరికి వచ్చాక "బాగానే ఉంది గానీ..." అని ఆగిపోయిన కేసు. ఆ "గానీ" పేజీల్లో ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించడం, ఆ ప్రతి ఎడిటింగ్ బల్ల మీదే ఉంటే ఏం మార్చమని అడగాలో చెప్పడం ఈ వ్యాసం పని.

కథ మొత్తం, చివరి మలుపుతో సహా, ఇక్కడ బయటపడుతుంది. ఇంకా చదవనివాళ్లు ముందు పుస్తకాలు ముగించి రావడం మంచిది. ప్రతిలిపి లాంటి చోట్ల ఫాంటసీ ప్రేమకథకు సీజన్ 2 మొదలుపెట్టబోతున్న తెలుగు రచయితలకు ఈ కేసు నేరుగా పనికొస్తుంది. ఎందుకంటే ఇక్కడున్న జబ్బు ధారావాహికలకు ఇంకా తొందరగా అంటుకుంటుంది.

మొదటి భాగం ఎందుకు పరుగెత్తింది

వయొలెట్ సారెంగేల్‌కు ఇరవై ఏళ్లు. గ్రంథాలయంలో లేఖకురాలిగా బతకాలనుకున్న పిల్లను తల్లి జనరల్ లిలిత్ డ్రాగన్ రైడర్ల విభాగంలోకి తోస్తుంది. అక్కడ జేడెన్ రియోర్సన్ ఉంటాడు. తిరుగుబాటు నడిపిన అతని తండ్రికి మరణశిక్ష అమలు చేయించింది వయొలెట్ తల్లే. ఆ తిరుగుబాటులోనే వయొలెట్ అన్న బ్రెనన్ చనిపోయాడని అందరూ నమ్ముతారు. ఇద్దరికీ ఒకరినొకరు ద్వేషించడానికి రక్తసంబంధమైన కారణం ఉంది.

ఆ తర్వాత వచ్చిన ముడి చాలా తెలివైనది. వయొలెట్‌ను ఎంచుకున్న నల్ల డ్రాగన్ టైర్న్‌కు జత, జేడెన్ డ్రాగన్ స్గేల్. ఆమె పోతే టైర్న్ పోయే ప్రమాదం, టైర్న్ పోతే స్గేల్, ఆమెతో పాటు జేడెన్. చంపాలనుకున్నవాడే కాపాడక తప్పని స్థితి. ప్రేమకథకు కావలసిన దగ్గరితనాన్ని ప్రపంచ నియమమే బలవంతంగా ఇచ్చింది. రచయిత్రి ప్రత్యేకంగా సాకులు వెతకనక్కర్లేకపోయింది.

పైగా ప్రతి పరీక్షా వెనక్కి తిరిగి రాలేని గుమ్మమే. సన్నని రాతి గోడ మీద నడక, అడ్డంకుల పరుగైన గాంట్‌లెట్, డ్రాగన్లు రైడర్లను ఎంచుకునే త్రెషింగ్, యుద్ధ క్రీడలు. ఒక్కోటి దాటాక వయొలెట్ పరిస్థితి మారిపోయి ఉంటుంది. అందుకే కథ తెలిసినదే అనిపించినా పేజీ తిరుగుతుంది.

పరిశీలనకు వాడే పద్ధతి

సీక్వెల్ చేతికి వచ్చినప్పుడు మొదట దాన్ని చదవకూడదు. మొదటి పుస్తకం చివరి యాభై పేజీలు తీసి, రచయిత పాఠకుడికి పడిన బాకీలన్నీ ఒక కాగితం మీద రాయాలి. తర్వాత సీక్వెల్ చదువుతూ, ఒక్కో బాకీ ఏ అధ్యాయంలో తీరిందో ఎదురుగా వేయాలి. ఖాళీగా మిగిలినవాటి కంటే, చాలా ఆలస్యంగా తీరినవి ఎక్కువ హాని చేస్తాయి.

«ఫోర్త్ వింగ్» చివర ఉన్న బాకీల పట్టీ ఇది: సరిహద్దు అవతల వెనిన్‌లు, అంటే భూమి నుంచి శక్తి లాగే మాయావులు, నిజంగానే ఉన్నారు, దేశం నవార్ ఆ సంగతి దాచింది. వయొలెట్ స్నేహితుడు లియమ్ చనిపోయాడు. చిన్ననాటి స్నేహితుడు డెయిన్ స్పర్శతో వయొలెట్ జ్ఞాపకం చదవడం వల్లే అందరూ ఉచ్చులో పడ్డారు. జేడెన్ ఆమెకు అబద్ధం చెప్పాడు. తల్లికి ఎంత తెలుసన్నది తేలలేదు. అన్నిటికన్నా పెద్దది చివరి పేజీలోది: అన్న బ్రెనన్ బతికే ఉన్నాడు, విప్లవంలోకి చెల్లెల్ని ఆహ్వానిస్తున్నాడు.

ఆ ఆహ్వానం చదివి పుస్తకం మూసిన పాఠకుడు ఏం ఆశిస్తాడు? విప్లవాన్ని. కానీ రెండో పుస్తకం కొద్ది అధ్యాయాల్లోనే అందర్నీ మళ్లీ రైడర్లు శిక్షణ పొందే బాస్‌గయత్ కాలేజీకి తెస్తుంది. వాళ్లు అరెటియాకు, అంటే విప్లవం ఉన్న చోటికి, నిజంగా చేరేసరికి పుస్తకం సగం దాటుతుంది. తిరిగి వెళ్లడానికి కథలో సమర్థన ఉంది. అనుమానం రాకుండా నటించాలి, లోపలి నుంచి ఆయుధాలు, సమాచారం బయటికి పంపాలి. కారణం సరైనదే. అయినా పాఠకుడు వాయిదాను కారణాలతో కొలవడు, పేజీలతో కొలుస్తాడు. పెద్ద బాకీని సగం పుస్తకం వాయిదా వేసేటప్పుడు, మధ్యలో దానికి తగ్గ వడ్డీ ఏదో చెల్లించాలి. ఇక్కడ ఆ వడ్డీ ప్రేమకథ నుంచి రావాల్సింది. రాలేదు.

ఒకే గొడవ

ఈ కేసులో అసలు గాయం ఇదే.

వయొలెట్ అడిగేది: నా దగ్గర ఏదీ దాచకు. జేడెన్ చెప్పేది: నువ్వు అడిగినదానికి అబద్ధం చెప్పను, కానీ అన్నీ విప్పి చెప్పలేను, అడగడం నీ పని. ఈ సంభాషణ మొదటిసారి వచ్చినప్పుడు బలంగా ఉంది. జేడెన్ మొండితనానికి గట్టి ఆధారమూ ఉంది: డెయిన్ చెయ్యి తగిలితే చాలు, వయొలెట్‌కు తెలిసినదంతా శత్రువుకు తెలుస్తుంది. అది ఒకసారి జరిగింది, లియమ్ ప్రాణం పోయింది. వయొలెట్ కోపమూ న్యాయమే. ఇద్దరి వైపూ న్యాయం ఉన్న గొడవ దొరకడం ప్రేమకథ రాసేవాళ్లకు అదృష్టం.

ఆ గొడవ రెండోసారి వచ్చినప్పుడు, మూడోసారి వచ్చినప్పుడు దాని రూపం మారలేదు. అదే డిమాండ్, అదే జవాబు, నడుమ శరీరాల ఆకర్షణ, తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ప్రేమికులు ఎక్కువగా పోట్లాడారని విసుగు రాలేదు. పోట్లాట వాళ్లను ఎక్కడికీ కదపలేదు కాబట్టి వచ్చింది.

దీన్ని పట్టుకోవడానికి అట్టముక్కల పద్ధతి వాడతారు. జంట మధ్య వచ్చిన ప్రతి ముఖ్యమైన గొడవకు ఒక అట్టముక్క. దాని మీద నాలుగు వరుసలు: ఎవరు ఏం అడిగారు. ఏం దక్కింది. ఎవరికి ఏం పోయింది. ఈ గొడవ తర్వాత ఇద్దరిలో ఎవరు ఏ పని ఇక చేయలేరు. నాలుగో వరుసే కీలకం. వరసగా రెండు అట్టముక్కల్లో అది ఖాళీగా ఉంటే, పాఠకుడు ల్యాగ్ అని పిలిచేది సరిగ్గా అక్కడే మొదలైందని లెక్క.

తర్వాత చిన్న పరీక్ష. రెండు అట్టముక్కలు తీసి చోట్లు మార్చి చూడాలి. మార్చినా కథ చెడకపోతే అందులో ఒకటి అనవసరం. «ఫోర్త్ వింగ్»లో ఈ మార్పు కుదరదు. డ్రాగన్ల ముడి పడ్డాక జేడెన్ ఆమెను చంపలేడు. చివర్లో వెనిన్‌లతో జరిగిన రెసన్ యుద్ధం తర్వాత ఆమె అతన్ని మునుపటిలా నమ్మలేదు. ప్రతి మెట్టూ ముందుదాన్ని మూసేస్తుంది. «ఐరన్ ఫ్లేమ్» మొదటి సగంలోని గొడవల్ని మాత్రం చాలా వరకు అటూఇటూ మార్చుకోవచ్చు.

ఇంకో మంచి అవకాశం చేతిలో ఉండి కూడా పూర్తిగా పండలేదు. వయొలెట్ తన ప్రాణస్నేహితురాలు రియానన్ దగ్గర వెనిన్‌ల సంగతి దాస్తుంది. జేడెన్ తనకు చేసినదే తాను స్నేహితురాలికి చేస్తోంది. ఈ పోలిక కథలో కనిపిస్తుంది. రియానన్ నిలదీయడమూ ఉంది. కానీ ఆ అనుభవం జేడెన్‌తో జరిగే తర్వాతి గొడవలోకి తగినంత బరువుతో వెళ్లలేదు. ఆ రోజు రాత్రి వయొలెట్ అదే డిమాండ్‌తో మొదలుపెట్టి, మధ్యలో తన మాట తనకే అడ్డం పడి ఆగిపోవాలి. ఒక్క పేజీ చాలు. నాలుగో వరుస నిండుతుంది: ఇక మీదట ఆమె "ఏదీ దాచకు" అనలేదు, "ఇది ఎందుకు దాచావు" అని మాత్రమే అడగగలదు. గొడవ మెట్టు ఎక్కుతుంది.

రహస్యాల వరస తప్పింది

జేడెన్ దాచినవన్నీ ఒకే బరువు కావు. చిన్నవి: విప్లవం పనుల వివరాలు, ఆయుధాల రవాణా, పొరుగు రాజ్యపు ప్రభువు టెకారస్‌తో బేరాలు. మధ్యరకం: క్యాట్ అనే అమ్మాయితో గతంలో జరిగిన నిశ్చితార్థం. పెద్దవి రెండు. తిరుగుబాటుదారుల పిల్లల్ని రైడర్ల విభాగంలోకి రానివ్వడానికి అతను జనరల్ లిలిత్‌తో ఒప్పందం చేసుకున్నాడు, దానికి బదులుగా పడిన బాకీ వయొలెట్‌ను బతికించి ఉంచడం. అంటే ఆమెను కాపాడటం మొదట్లో ప్రేమ కాదు, బేరం. రెండోది ఇంకా భయంకరమైనది: అతనికి రెండో శక్తి ఉంది, ఎదుటివాళ్ల ఉద్దేశాలు చదవగలడు. అలాంటివాళ్లకు ఆ దేశంలో మరణమే. మొదటి పుస్తకంలోనే ఒక విద్యార్థికి ఆలోచనలు వినిపించడం మొదలవగానే ప్రొఫెసర్ అక్కడికక్కడే చంపేస్తాడు. ఆ దృశ్యం ఇంత దూరం ఆలోచించి నాటిన విత్తనం.

సమస్య ఏమిటంటే ఈ రెండు పెద్ద రహస్యాలూ పుస్తకం చివరి వైపు పేరుకున్నాయి. మధ్యంతా చిన్న రహస్యాలతో నడిచింది. పెద్దది బయటపడేసరికి యుద్ధం తలుపు దగ్గర ఉంది. తన ఉద్దేశాలను మొదటి రోజు నుంచీ చదువుతున్న మనిషితో పడుకున్నానని తెలిసిన అమ్మాయి ఏం అనుకోవాలి, పాత ప్రతి సంఘటననూ ఎలా తిరగేసి చూసుకోవాలి, దానికి చోటే లేదు. పుస్తకంలో ఉన్న అతి మంచి గొడవకు అతి తక్కువ పేజీలు దొరికాయి.

అందుకని మొదటి సూచన రహస్యాల వరస మార్చడం. లిలిత్‌తో ఒప్పందం సంగతి మూడో వంతు దగ్గరే, అంటే ఇరవయ్యో అధ్యాయం చుట్టుపక్కల, బయటపడాలి. జేడెన్ నోటి నుంచి కాకుండా తల్లి నోటి నుంచి వస్తే మంచిది. అప్పటి నుంచి వయొలెట్ ప్రశ్న మారుతుంది: నిజం చెప్పావా అని కాదు, ఏ రోజు నుంచి అది బేరం కాకుండా పోయింది అని. దీనికి ఒక ఖర్చుంది. చివర్లో లిలిత్ వార్డ్‌స్టోన్ కోసం, అంటే రక్షణ కవచాన్ని నిలబెట్టే మాయా శిల కోసం, ప్రాణం ఇచ్చే ఘట్టానికి ఈ రహస్యం కొంత బలం ఇస్తోంది. ముందే వాడేస్తే అక్కడ పట్టు తగ్గుతుంది. అందుకే ఒప్పందం ఉందన్న సంగతి మాత్రమే ముందు చెప్పి, తల్లి అది ఎందుకు అడిగిందన్నది ఆఖరికి ఉంచాలి.

ఉద్దేశాలు చదివే శక్తి చిత్రహింసల గదిలో బయటపడాలి. వయొలెట్‌ను వైస్ కమాండెంట్ వారిష్ బంధించి హింసిస్తాడు. డెయిన్ ఆమె జ్ఞాపకాల్లోకి వెళ్లి నిజం చూసి పక్షం మారతాడు. జేడెన్ వస్తాడు. సవరించిన రూపంలో సీన్ ఇలా ఉండాలి: జేడెన్ కత్తి డెయిన్ మెడ మీద ఉంది. డెయిన్ మారాడని చెప్పడానికి వయొలెట్ నోరు తెరవాలి, దవడ కదలడం లేదు. ఆమె ఇంకా ఏమీ అనలేదు. డెయిన్ కూడా ఏమీ అనలేదు. జేడెన్ ఒక్క క్షణం డెయిన్ కళ్లలోకి చూసి కత్తి దించేస్తాడు. అంతే. వయొలెట్ అతని చేతి వంక చూస్తుంది. రక్తం కారుతున్నా, స్పృహ తప్పుతున్నా, అది ఎలా సాధ్యమని ఒక ప్రశ్న ఆమెలో మిగిలిపోతుంది. అరెటియాకు ఎగిరే దారిలో ఆమె అడుగుతుంది. అడిగితే అబద్ధం చెప్పనన్నది అతని మాట. మొదటి సగమంతా పాఠకుడికి విసుగు తెప్పించిన నియమమే ఇక్కడ అతన్ని ఇరికిస్తుంది.

క్యాట్ ఎందుకు తేలిపోయింది, ఎలా నిలబడుతుంది

అరెటియా భాగంలో గ్రిఫిన్ ఫ్లయర్లతో, అంటే గ్రిఫిన్‌ల మీద ఎగిరే పొరుగు రాజ్యపు యోధులతో, పాటు క్యాట్ వస్తుంది. ఎదుటివాళ్ల భావోద్వేగాల్ని రెచ్చగొట్టగల శక్తి ఆమెది. ఇప్పటి రూపంలో ఆమె పాత ప్రియురాలి అసూయ కథగా మిగిలింది. పాఠకులు ఎక్కువగా చిరాకుపడిన పాత్రల్లో ఆమె ఒకరు. పాత్రను తీసేయడం తేలిక. కానీ పైన చెప్పిన మార్పు చేశాక ఆమెను తీయకూడదు. ఒకడు ఉద్దేశాలు చదువుతాడు, ఒకతె భావాలు మారుస్తుంది, మధ్యలో ఉన్న అమ్మాయికి తనదని చెప్పుకోవడానికి మనసులో ఒక్క మూల మిగల్లేదు. అప్పుడు వయొలెట్‌కు వచ్చే కోపం తనదేనా, క్యాట్ పెట్టిందా, అది జేడెన్‌కు ముందే తెలుసా? ముక్కోణపు ప్రేమ వాసన పోయి, వయొలెట్ బయటి శత్రువుల నుంచి కాపాడుకోవడానికి నేర్చుకున్న మానసిక కవచం లోపలివాళ్ల మీద కూడా వాడాల్సి వస్తుంది. నిశ్చితార్థం సంగతి ఒక్క వాక్యంలో ముగించవచ్చు.

దూరం, నిద్ర, శిక్షలు

మొదటి పుస్తకంలో డ్రాగన్ల జత ప్రేమికుల్ని దగ్గర చేసింది. రెండో దానిలో జేడెన్‌ను సరిహద్దు స్థావరం సమారాకు పంపారు, జత కోసం వారానికోసారి కలుసుకోవడం మిగిలింది. అదే నియమం ఇప్పుడు రాకపోకల పట్టీ అయిపోయింది. వారిష్ ఆ కలయికకు ఇచ్చే సెలవును ఆయుధంగా వాడటం మంచి ఆలోచన, కానీ ఫలితం కథానాయకుడు తెర మీద లేకపోవడమే. ప్రేమకథలో ఇద్దరిలో ఒకరు వరసగా రెండు అధ్యాయాలకు మించి కనిపించకపోతే, వాళ్ల జాడ ఏదో రూపంలో పేజీ మీద ఉండాలి: ఉత్తరం, వస్తువు, మూడో మనిషి తెచ్చిన వార్త, లేదా వాళ్లు చేసిన పని ఫలితం.

వయొలెట్ రెండో డ్రాగన్ అండార్నా సంగతి చిన్నదే అయినా ముఖ్యం. పాఠకులు ప్రాణంగా చూసుకున్న చిన్న డ్రాగన్ మొదటి సగంలో చాలా భాగం నిద్రలో ఉంటుంది. ఎదుగుదలకు నిద్ర అవసరమన్నది కథలో నియమం. అయినా ప్రేమికుడు దూరంగా, చిన్న డ్రాగన్ నిద్రలో, రెండూ ఒకేసారి జరగకూడదు. ఆప్యాయత ఇచ్చే రెండు ఆధారాల్నీ ఒకే కాలంలో తీసేస్తే మిగిలేది వారిష్ క్రూరత్వం, గ్రంథాలయంలో పరిశోధన మాత్రమే. పరిశోధనకు సంబంధించి ఒక్క మాట. వార్డ్‌స్టోన్ రహస్యం కోసం పాత డైరీల వెతుకులాట, తప్పుగా చదవడం, దాని పర్యవసానం, వీటిలో బలం ఉంది. చదివిన ప్రతిసారీ వయొలెట్ ఏదో పోగొట్టుకుంటే ఆ సీన్లు కూడా ఉరుకుతాయి.

రెండు నవలలు ఒక అట్టలో

నిజానికి రైడర్ల విభాగంలో దాదాపు సగం మంది బాస్‌గయత్ వదిలి అరెటియాకు ఎగిరిపోయే ఘట్టమే ఒక పుస్తకానికి తగిన ముగింపు. అక్కడ ఆపేస్తే మొదటి సగం శుభ్రమైన నవల అవుతుంది: గూఢచర్యం, వారిష్, చిత్రహింసల గది, శక్తి బయటపడటం, తిరుగుబాటు. రెండో సగం ఇంకో నవల: అరెటియా, ఫ్లయర్లు, వార్డ్‌స్టోన్, తోటి విద్యార్థి జాక్ బార్లో ద్రోహం, లిలిత్ త్యాగం, జేడెన్ వెనిన్‌గా మారడం. ఐదు పుస్తకాల శ్రేణిగా ప్రకటించారు కాబట్టి ఇలా విడగొడితే లెక్క మారుతుంది, ఒప్పందాలు మారతాయి. అది కుదరదంటే కనీసం మొదటి సగాన్ని మూడో వంతు తగ్గించాలి. ముందుగా పోవాల్సినవి మార్చుకోగల గొడవలు, తర్వాత శిక్షణ సీన్లలో ఫలితం ఒకేలా ఉన్నవి.

కాలం గురించి కూడా నిజాయితీగా లెక్క వేసుకోవాలి. ఆరువందల పేజీల ప్రతిలో రహస్యాల వరస మార్చాలంటే నిర్మాణ నివేదికకు నాలుగు నుంచి ఆరు వారాలు, తిరిగి రాయడానికి మూడు నెలలు, వాక్య స్థాయి పనికి నెల, కాపీ ఎడిటింగ్, ప్రూఫులకు ఇంకో నెల పడుతుంది. రెండు భాగాల నడుమ ఆరు నెలలే ఉంటే, ఇంత పని కావాలంటే రెండో ప్రతి మొదటిది బయటికి రాకముందే బల్ల మీద ఉండాలి. తెలుగు ధారావాహిక రాసేవాళ్లకు ఇంకా ఇరుకు: ఈరోజు పెట్టిన భాగాన్ని రేపు మార్చలేరు. అందుకే సీజన్ 2 మొదటి భాగం పెట్టేముందే కనీసం రహస్యాల వరస, గొడవల అట్టముక్కలు సిద్ధంగా ఉండాలి. మిగతాది నడుస్తూ రాసుకోవచ్చు.

మార్పు తెచ్చే కొత్త చిక్కులు

జేడెన్ శక్తి ముందే బయటపడితే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: వెనిన్‌గా మారిన జాక్‌ను అతను ఎందుకు పసిగట్టలేదు? జవాబు కథలోనే ఉంది, జేడెన్ ఎక్కువ కాలం సమారాలో, జాక్ కాలేజీలో. కానీ దాన్ని పాఠకుడే ఊహించుకోవాలని వదిలేయకూడదు. శక్తి బయటపడిన సీన్‌లోనే హద్దులు చెప్పాలి: ఉద్దేశం మాత్రమే తెలుస్తుంది, ఆలోచన కాదు, మనిషి దగ్గర ఉండాలి, గట్టి కవచం ఉన్నవాళ్ల దగ్గర మసక. మూడు హద్దులు, రెండు వాక్యాలు.

మరో చిక్కు చివరి అధ్యాయంలో. వయొలెట్‌ను కాపాడటానికి జేడెన్ భూమి నుంచి శక్తి లాగి వెనిన్ అవుతాడు. పుస్తకమంతా వయొలెట్ కోణంలో నడిచి ఆఖరి అధ్యాయం అతని కోణంలోకి మారడం సరైన ఎంపిక, దాన్ని ముట్టుకోకూడదు. మార్చాల్సింది ఒక్కటే. సవరించిన వరసలో అతని ప్రతి నిజమూ వయొలెట్ అడిగితేనో, ఇంకొకరు బయటపెడితేనో వచ్చింది. ఇది మాత్రం ఆమె నోరు తెరవకముందే అతనే చెప్పాలి. ఆ వాక్యాన్ని అధ్యాయం చివర కాకుండా మధ్యలో పెట్టాలి, ఎందుకంటే వయొలెట్ దానికి ఏం చేసిందో చూపించడానికి కనీసం రెండు పేజీలు కావాలి.